శనివారం కుండ

కిందటి సంచికలో బుడాపెస్ట్ ట్రాముల సంగతి రాశాను కదా, ఈసారి అక్కడి ఒక కుండ సంగతి.

అమ్మాయి వాళ్లుండే మేడలో కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంది. యూదులు. శుక్రవారం మధ్యాహ్నమయ్యేసరికి ఆవిడ వంటింట్లోంచి ఉల్లిపాయలు వేగే వాసన మెట్లెక్కి వచ్చేది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు సబ్బాత్. పొయ్యి వెలిగించకూడదు. మరి శనివారం వేడివేడిగా తినడమెలా? అందుకే షోలెత్. బీన్స్ గింజలు, బార్లీ, పెద్దబాతు మాంసం, పెంకుతో సహా గుడ్లు ఒకే కుండలో వేసి, పొద్దుగూకక ముందే సన్నసెగ మీద పెట్టేస్తారు. పందికొవ్వు నిషిద్ధం కాబట్టి బాతుకొవ్వే. తెల్లారేసరికి గుడ్డు లోపల కూడా గోధుమరంగు తిరుగుతుంది. బరంపురంలో మా అమ్మమ్మ దాలిలో పాలు కాచేది, అదే ఓపిక! ఎరుపు మాత్రం పాప్రికాది. మన మిరపకాయలాగే అదీ అమెరికా ఖండం నుంచి వలస వచ్చిందే.

పూర్వం కుండలను వీధిలోని రొట్టెల బట్టీకి పంపేవారట. ఆవిడ తల్లి చిన్నప్పుడు శనివారం ప్రార్థన అయ్యాక వెళ్లి తెచ్చేదట.

1944 మే 15 నుంచి జూలై 9 లోపల, ఎనిమిది వారాల్లో, హంగరీ నుంచి 4,37,000 మందికి పైగా యూదులను రైళ్లెక్కించారు. చాలామందిని ఆష్విట్స్‌కే. దేశాన్ని ఆక్రమించింది జర్మన్లే అయినా, ఇళ్లనుంచి పట్టి అప్పగించింది హంగరీ పోలీసులే. తల్లి ఒక్కర్తే తిరిగొచ్చిందట. బట్టీ ఉంది, కుండ తెచ్చేవాళ్లే లేరు.

ఇప్పుడు షోలెత్ అక్కడి కొట్లలో డబ్బాల్లో దొరుకుతుంది. యూదులు కానివాళ్లూ ఇష్టంగా వండుకుంటారు, అందులో పొగబెట్టిన పందిమాంసం వేసేవాళ్లే ఎక్కువ. నాకు ప్రాణం చివుక్కుమంది. అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ నవ్వి, "తిననీండి, పేరైనా అదే ఉంచారుగా" అంది. ఆ నవ్వు నాకింకా అర్థం కాలేదు.

ఆవిడ ఒంటరి. కానీ తల్లి నేర్పిన కొలత ఎనిమిది మందికి. తగ్గించి వండడం చేతకాదట. శనివారం మేడంతా పంచుతుంది. మేం మాంసం తినమని తెలిశాక, మరుసటి వారం నుంచి కుండ పక్కనే ఒక చిన్న గిన్నె కూడా ఎక్కించింది, నూనెతో.