అండమాన్‌కు వెళ్లండి, ఆ అడవి దారిన వద్దు

నారాయణఖేడ్ నుంచి ఎటు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా శంషాబాద్‌లో విమానమెక్కితే మూడు గంటలు గడవకముందే పోర్ట్ బ్లెయిర్‌లో దిగొచ్చు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. కొత్త జంటలు, ఉద్యోగులు, వ్యాపారులు అండమాన్ పోయొస్తున్నారు. మంచిదే. నా పేచీ తిరిగొచ్చాక అక్కడి అడవిలో బతికే ఆదివాసీల గురించి "జరవాలను కూడా చూశాం" అని చెప్పుకునే గొప్పతో, దాన్ని వెనకేసుకొచ్చే వాదంతో.

ఆ వాదంలో మూడు మాటలుంటాయి. రోడ్డు సర్కారు వేసిందేగా, కిటికీలోంచి చూస్తే వాళ్లకేం నష్టం? ఇంకెన్నాళ్లు అడవిలో ఉంచుతారు, జనజీవన స్రవంతిలో కలపొద్దా? టూరిస్టులు రాకపోతే స్థానికులు ఎలా బతకాలి?

ముందు రోడ్డు సంగతి. అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర జరవాల అడవిలోకి దిగి, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బయటపడుతుంది. తెల్లవారకముందే చెక్‌పోస్టు దగ్గర బండ్లు బారులు తీరతాయి. గేటు తెరిచాక పోలీసు కాపలాతో ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. బండి ఆపొద్దు, ఫొటో తీయొద్దు, తినేవి ఇవ్వొద్దు అని బోర్డులుంటాయి. లోపల కూర్చున్నవాళ్ల కళ్లు మాత్రం చెట్ల సందుల్లోనే. అడిగితే బరాటాంగ్‌లో సున్నపురాయి గుహల కోసం పోతున్నామంటారు. బరాటాంగ్ కూడా దీవే. గుహలే కావాలంటే సముద్రం మీద పడవ దారి ఉంది.

జరవాల రిజర్వు అడవి లోపలి రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మూయలేదు. తిండి ఆశ చూపి జరవా ఆడవాళ్ల చేత డాన్స్ చేయించిన వీడియో 2012లో బయటపడి, ప్రపంచం ముందు దేశం తలదించుకుంది. 2013లో కోర్టు టూరిస్టు బండ్లను కొన్ని వారాలు ఆపించి, తర్వాత మళ్లీ వదిలింది. చూస్తే నష్టమేంటని అడిగేవాళ్లకు ఆ వీడియో కంటే వేరే జవాబు అక్కర్లేదు. చూపుతో మొదలైంది బిస్కెట్ దాకా, బిస్కెట్ ఆట ఆడించేదాకా పోయింది.

ఇక స్రవంతిలో కలపడం. ఈ ప్రయోగం ఒకసారి జరిగిపోయింది. 1858లో ఇంగ్లీషువాళ్లు ఖైదీల స్థావరం పెట్టేనాటికి అక్కడి మరో ఆదివాసీ తెగ గ్రేట్ అండమానీలు వేలల్లో ఉన్నారు. వాళ్లకు నాగరికత నేర్పుతామని 'అండమాన్ హోమ్'లు పెట్టారు. నాగరికత మాట ఎలా ఉన్నా తట్టు, సిఫిలిస్ మాత్రం అంటుకున్నాయి. 1901 జనాభా లెక్కల్లో వాళ్లు 625 మంది, 2011లో 44 మంది. జరవాలు తమంతట తాము బయటి మనుషులతో కలవడం మొదలుపెట్టింది 1997 ప్రాంతంలో. 1999లోనే వాళ్లకు తట్టు సోకింది. ఎంత కలవాలో, అసలు కలవాలో వద్దో తేల్చుకోవాల్సింది వాళ్లే. 2004లో ప్రభుత్వం ప్రకటించిన జరవా విధానం సారాంశమూ అదే.

2011 లెక్కల్లో జరవాలు 380 మంది. మన ఖేడ్ పక్కన ఒక మోస్తరు తండాలో ఉండేంత జనం. ఆ తండా గుండా రోజూ బండ్ల బారు పోతూ, బిందెలు మోసుకెళ్లే ఆడవాళ్లను వింతగా చూసిపోతుంటే మనం ఊరుకుంటామా?

బతుకుతెరువు మాట కొట్టిపారేసేది కాదు. రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ జనానికి ఆస్పత్రికైనా చదువుకైనా ఆ రోడ్డే ఆధారం. వాళ్ల బస్సును ఆపమని నేననను. ఆగాల్సింది సరదాకు పోయే బండి. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లలో హోటళ్లకు, పడవలకు మనం పెట్టే ఖర్చు ఎక్కడికీ పోదు. పడవ దారిన వెళ్తే బరాటాంగ్ పడవవాళ్ల బేరమూ పోదు.

మనుషులనే చూడాలని ఉంటే అక్కడ మనవాళ్లే ఉన్నారు. అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి పోయి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన జాలరి కుటుంబాలను పలకరించండి. 1857లో హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసినందుకు కాలాపానీకి పంపిన మౌల్వీ అల్లావుద్దీన్ ఆ దీవుల్లోనే కన్నుమూశాడు, ఆయన్ను తలుచుకోండి. వీటిలో దేనికీ జరవాల అడవి దాటనక్కర్లేదు.

ఏజెంటుతో ప్యాకేజీ మాట్లాడేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పండి: బరాటాంగ్‌కు రోడ్డు దారి వద్దు. కుదరదంటే బరాటాంగ్‌ను వదిలేయండి, లేదా ఏజెంటును మార్చండి. అడిగేవాడు లేకపోతే ఆ బండ్ల బారు దానంతటదే తగ్గుతుంది.