లారీ అడుగు చూశారా?

విడపనకల్లు నుండి ఒక సహోదరుడు అడిగారు: “మాది కరువు సీమ. కురిసే వానే తక్కువ. అయినా మా పాత లారీ అడుగు పొరలు పొరలుగా ఎందుకు రాలిపోతున్నది?” ఒక్క లారీ మీద రెండు మూడు కుటుంబాలు బ్రదికే ఊళ్లు మనకు చాలా ఉన్నవి గనుక ఈ నెల దీనినే తీసుకొందాము.

తుప్పుకు పెద్ద వాన అక్కరలేదు. ఇనుముకు తేమ, గాలి తగిలితే చాలు. ఉప్పు తోడైతే పని త్వరపడుతుంది. నల్లరేగడి బురద చాసిస్ మూలల్లో పట్టుకొంటే, పైకి ఎండినట్లున్నా లోపల చెమ్మ నిలుస్తుంది. బస్తాలు చిరిగి పలకల సందుల్లోంచి రాలిన ఎరువు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపినప్పుడు, ఆ దారిలో తిరిగే లారీలు ఎన్నో పనిలేక నిలబడ్డాయి. బురదతో నిలిపిన బండిని తుప్పు తీరికగా తింటుంది. ఆ ఎర్ర ఖనిజమూ, మనం పూసే రెడ్ ఆక్సైడూ, తుప్పూ ఒక కుటుంబమే. మూడింటిలోనూ ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఉంటుంది.

పనికి ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరవద్దు. సమనేల మీద నిలిపి, చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టి, చాసిస్ కింద గట్టి దిమ్మెలు ఉంచండి. వీలైతే సర్వీసింగ్ గుంత ఉన్న చోటికే తీసుకొని వెళ్లండి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి.

నీళ్లు తక్కువ కదా, ముందు ఎండు మట్టిని కర్రతో, బద్దతో రాల్చండి. తరువాత కొద్ది నీళ్లే చాలుతాయి. ఉప్పుబోరు నీళ్లతో కడిగితే చివరి రెండు బిందెలైనా మంచినీళ్లు పోయాలి. చాసిస్‌లో నీరు కారిపోవడానికి ఉన్న రంధ్రాలను తీగతో పొడిచి తెరవండి. చెరువులో దించి కడగవద్దు. ఆ నూనె పశువులు త్రాగే నీటిలోకి పోతుంది.

బాగా ఆరాక సుత్తితో మెల్లగా తట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. కమాన్ కట్టలు బిగించే బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్ల అతుకుల దగ్గర తప్పక చూడాలి. అక్కడ పగులు కనబడితే రంగు వేసి దాచకండి, బండికి లోడు ఎత్తకండి. చాసిస్ పని తెలిసిన మేస్త్రీకి చూపండి. నిండు లోడుతో అది విరిగితే పోయేది బండి ఒక్కటే కాదు.

మిగిలిన చోట్ల వైరు బ్రష్షుతో వదులు తుప్పంతా తీయండి. కళ్లకు అద్దాలు, ముక్కుకు గుడ్డ ఉండాలి. ఫాస్పరిక్ ఆమ్లం కలిసిన తుప్పు మందును చేతి తొడుగులతో, డబ్బా మీద వ్రాసిన ప్రకారం వాడండి. తరువాత రెడ్ ఆక్సైడ్, దాని మీద తప్పక పై రంగు లేక తారు జాతి అండర్‌కోటింగ్. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే వేసి వదిలేస్తే తేమ లోపలికి దిగుతుంది. తుప్పు మీదనే తారు పూయడం ఇంకా చెడ్డది. పైన నల్లగా నిగనిగలాడుతూ లోపల కొరుకుతూనే ఉంటుంది.

బ్రేకు డ్రమ్ములు, రబ్బరు గొట్టాలు, సైలెన్సరు, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లు, వైర్ల మీద ఏమీ పూయవద్దు. చాసిస్ నంబరు స్పష్టంగా కనబడాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా ఎఫ్.సి. ఉంటుంది కదా.

కాలిన ఇంజనాయిలు చల్లే అలవాటు మన షెడ్లలో ఉన్నది. ఖర్చు లేదు గాని అది రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టుకొంటుంది, బ్రేకులకు తగిలితే ప్రమాదం.

ఈ పనికి ముంగారు వానలకు ముందరి పొడి రోజులు మంచివి. ఇనుము కాలిపోయే మధ్యాహ్నం కాక ఉదయమే రంగు వేయండి. చేతిలో పని ఉండగానే గాలి ట్యాంకు అడుగున ఉన్న వాల్వు తెరిచి నీరు వదలండి. తుప్పు దాని లోపల కూడా పుడుతుంది.