మొగులు లెక్క వేరు, ఆఫీసు లెక్క వేరు

మన ఊళ్లల్ల "ఈ యేడు కాలం మంచిగయింది" అంటే వానలు అదనుకు పడ్డాయని అర్థం. "కాలం కాలేదు" అంటే కరువొచ్చిందని అర్థం. వానకూ, కాలానికీ ఒకే మాట పెట్టుకున్న జనం మనవాళ్లు. ఎందుకంటే ఎవుసంలో ఎన్ని నీళ్లు పడ్డాయన్నదాని కన్నా ఎప్పుడు పడ్డాయన్నదే పెద్ద ముచ్చట. ఇంత చిన్న సంగతి సచివాలయంలో కూర్చున్నవాళ్లకూ, బ్యాంకు మేనేజర్లకూ, చివరికి రైతు బిడ్డలమని చెప్పుకునే మనకూ ఎందుకు ఎక్కడం లేదు? ప్రభుత్వాలు మారాయి. 2014లో రాష్ట్రమే వచ్చింది. ఫైలు నడిచే లెక్కకూ, మొగులు నడిచే లెక్కకూ మాత్రం ఇంకా పొత్తు కుదరలేదు.

మొదలు మొగులు లెక్క చూద్దాం. దేశంలో ఏడాదంతా పడే వానలో దాదాపు ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలల్లోనే పడుతుంది. తెలంగాణలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లు పడితే, అందులో ఐదింట నాలుగు వంతులు ఈ నాలుగు నెలలవే. అదీ అంతటా ఒక్క తీరు కాదు. ఆదిలాబాద్ వైపు 1,000 మిల్లీమీటర్లు దాటితే, పాలమూరులో 600 దగ్గరే ఆగిపోతుంది. అరేబియా సముద్రం నుంచి వచ్చే గాలులు పడమటి కనుమల దగ్గర్నే తడి కుమ్మరించి, పొడిగా మన దిక్కు దిగుతాయి. మనది వానచాటు నేల. మనకు గట్టి వాన కావాలంటే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఇటు కదలాలి. ఒక అల్పపీడనానికీ ఇంకో దానికీ నడుమ పది రోజులో, ఇరవై రోజులో ఎండ కొడుతుంది. చెల్కల్లో మొలకలు మాడేది ఆ ఎడంలోనే.

2023 సంగతే చూడండి. జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 640 మిల్లీమీటర్లు దాటి కురిసింది. పాలమూరుకు ఏడాదంతా పడే వానకన్నా ఎక్కువ అది. వెంటనే వచ్చిన ఆగస్టు 1901 నుంచి లెక్కలున్న కాలంలో దేశం మొత్తానికి అన్నింటికన్నా పొడి ఆగస్టు. వరదా, ఎండా నెల రోజుల ఎడంలోనే వచ్చాయి. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏడాదుల్లో ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. 2002, 2009, 2015 కరువులు అట్లా వచ్చినవే.

అందుకే "సాధారణ వర్షపాతం" అన్న మాటను నమ్మి కూర్చుంటే మోసపోతాం. వాతావరణ శాఖ లెక్కలో దేశ సగటుకు 96 నుంచి 104 శాతం పడితే సాధారణం. దేశం మీద సగటు సరిపోవచ్చు, సీజను మొత్తం మీద కూడా సరిపోవచ్చు. పూత మీదున్న మక్కకు మూడు వారాలు చుక్క పడకపోతే ఆ సగటు రైతు కడుపు నింపుతుందా?

అదను తప్పితే ఏమైతది?

మన తాత ముత్తాతలు ఎవుసాన్ని కార్తెలతో కొలిచారు. పదమూడు, పద్నాలుగు రోజులకో కార్తె. రోహిణిలో దుక్కులు, మిరుగులో పునాస విత్తనాలు, ఆరుద్రలో జోరు. ఇది మూఢనమ్మకం కాదు, ఏ పంటకు ఎన్ని దినాల అదను ఉందో చెప్పే క్యాలెండర్. పెసర ముందు పడాలి. పత్తి జులై నడుమకల్లా అయిపోవాలి. కంది, ఆముదం ఇంకొంచెం ఆగగలవు. ఒక్కో కార్తె జారినకొద్దీ దిగుబడి జారుతుంది.

తొలకరి చినుకు పడంగనే పత్తి గింజ పెడితే నడవదు. నేలను బట్టి 50 నుంచి 75 మిల్లీమీటర్లు పడి, తడి లోపలికి దిగినంక విత్తుమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. ఎర్ర చెల్క తడిని నాలుగు రోజులు కూడా ఆపదు. నల్లరేగడి వారాల తరబడి పట్టి ఉంచుతుంది. మరి రైతు ఎందుకు తొందరపడతాడు? అదను పోతుందన్న భయం ఒకటి, కూలీలూ ట్రాక్టరూ దొరకవన్న భయం ఇంకొకటి. మొలక మాడితే మళ్లీ విత్తనం, మళ్లీ కూలి, మళ్లీ మిత్తి. ఆ రెండో విత్తనపు సంచి ఖర్చు ఏ ప్రభుత్వ లెక్కలోనూ కనపడదు.

పాత రైతు దీనికో ఉపాయం పెట్టుకున్నాడు. ఒకే చెల్కలో జొన్న, కంది కలిపి వేసేవాడు. ముందు వానలకు జొన్న చేతికొస్తే, వెనుక వానలకు కంది నిలబడేది. ఒకటి పోయినా ఇంకోటి ఇంటికొచ్చేది. తిండి, పశువులకు చొప్ప, భూమికి బలం మూడూ దక్కేవి. ఒంటి పంట పత్తి వచ్చినంక ఆ బీమా పోయింది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉంది. మెట్ట సేద్యం కోసమే పెట్టిన క్రీడా హైదరాబాద్‌లోనే ఉంది. ప్రపంచానికి మెట్ట ఎవుసం చెప్పే సంస్థలు మన గడప దగ్గరుండి, మన జొన్నకు, కొర్రకు గిట్టుబాటు లేకపోవడం కన్నా సిగ్గు ఏముంటది?

ఆఫీసు లెక్క

ఇప్పుడు ఆఫీసు దిక్కు చూద్దాం. సర్కారు ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. బడ్జెట్ విడుదలలు, ఉత్తర్వులు, పాత బాకీల రెన్యువల్ అన్నీ తీరుబడిగా సాగుతాయి. మిరుగు మాత్రం జూన్ మొదటి వారం దాటి ఒక్క రోజు ఆగదు. పంట రుణం జులై చివర అందితే అది పంటకు పెట్టుబడి కాదు, షావుకారు మిత్తికి కట్టుబడి. 2018లో ఎకరాకు ఇంత అని సీజనుకు ముందే పెట్టుబడి ఇచ్చే రైతుబంధు వచ్చింది. ఆలోచన సరైందే. కానీ పట్టా పుస్తకం ఉన్నోడికే ఇచ్చారు. దున్నేది కౌలుదారు, పైసలు పట్టాదారుకు. వాన కోసం మొగులు దిక్కు చూసేవాడి పేరు రికార్డులో లేకపోతే, కరువొచ్చినప్పుడు పరిహారం జాబితాలో ఎట్లా ఉంటది?

ఎకరం మీద పడే నీళ్లెన్ని?

ఎకరం భూమి మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల పైన నీళ్లు. 900 మిల్లీమీటర్లంటే 36 లక్షల లీటర్లు! మనకు నీళ్లు లేక కాదు, యాబై రోజులకు అటూ ఇటూ పడే వానను మిగిలిన మూడు వందల రోజులకు దాచుకోకపోతేనే కరువు. ఈ లెక్క కాకతీయులకు తెలుసు. 13వ శతాబ్దం నాటికే రామప్ప, పాఖాల వంటి చెరువులు కట్టించారు. ఎగువ చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు దిగువ చెరువుకు పోయే గొలుసు అది. తూము ఎత్తేది నీరటి. పూడిక తీసేది ఊరు. చెరువు నిండితే కింద ఆయకట్టే కాదు, చుట్టూ బావులూ ఊరేవి.

గొలుసులో ఒక్క కొక్కెం తెగినా దిగువవన్నీ ఎండుతాయి. చెరువుల పని కోసం 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేల పైచిలుకు చెరువులు లెక్కకొచ్చాయి. పూడిక మట్టి చెల్కలకు చేరింది. మంచిదే. కానీ చెరువుకు ఒకసారి పని చేస్తే సరిపోదు. ఏటా కట్టనూ, కాలువనూ చూసుకునే నీరటి వ్యవస్థ తిరిగి రాకపోతే పూడిక మళ్లీ నిండుతుంది.

చెరువు తప్పినకాడల్లా బోరు వచ్చింది. వాన భూమిలోకి ఇంకినంతే బోరుకు దక్కుతుంది, అది అక్షయపాత్ర కాదు. 2018 జనవరి నుంచి రాష్ట్రంలో ఎవుసానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. కరెంటు ఉంది గదా అని మెట్ట నేలలో యాసంగి వరి వేస్తే ఏమైతది? వరికి సీజనులో 1,200 మిల్లీమీటర్ల దాకా నీళ్లు కావాలి, జొన్నకు అందులో సగం చాలు. రైతును తప్పు పట్టి లాభం లేదు. కొనేది వడ్లే అయినప్పుడు వేసేది వరే. 2021 యాసంగికి వరి వేయొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. వద్దన్నారు సరే, మరి వేసిన కందినీ, జొన్ననూ చివరి గింజ దాకా కొంటామన్న భరోసా ఏది?

ఇక మన సంగతి

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. పట్నం చుట్టూ, జిల్లా కేంద్రాల చుట్టూ శిఖం భూముల్లో ప్లాట్లు కొన్నదెవరు? అందరూ బడా రియల్టర్లే కాదు. నెలజీతం మీద అప్పు తెచ్చి కొన్నవాళ్లు మనలోనే ఉన్నారు. మన ఇంటి పునాది కింద పూడిన కాలువ ఏ ఊరి చెరువుకు నీళ్లు తీసుకపోయేదో అడగాలి. కొనకముందే అడగాలి.

విద్యార్థులకు ఇంకో మాట. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఊరి చెరువుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తయో, మత్తడి నీళ్లు ఎటు పోతయో ఒక కాగితం మీద గీయండి. రెవెన్యూ నక్షతో పోల్చండి. ఎక్కడ కాలువ మాయమైందో మీకే తెలుస్తది. ఆ కాగితం గ్రామసభలో పెట్టండి.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. పెట్టుబడి, రుణం, విత్తనం మిరుగులోపు చేతిలో పడాలి. దున్నే కౌలుదారు పేరు రికార్డుకెక్కాలి. పంట నష్టం లెక్క జిల్లా సగటుతో కాదు, ఊరి వానతో కట్టాలి. మెట్ట పంటలకు కొనుగోలు కేంద్రాలు తెరవాలి. చెరువు చెరువుకూ నీరటి ఉండాలి. మొగులును జీవోతో కదిలించలేం. ఫైలును కదిలించొచ్చు. రోహిణి ఎండలు ముగిసేలోపే ఆ ఫైలు కదలాలి.