పిల్ల కొండచిలువకు పొలం ఎలుక పెట్టకండి



కోనసీమలోని మా దిండిలో ఒక కుర్రాడు బాల్ పైథాన్ అనే కొండచిలువ పిల్లను పెంచుతున్నాడు. త్వరగా పెరగాలని రెండు మూడు రోజులకోసారి తినిపిస్తున్నాడు, అదీ వరిచేలో బుట్ట పెట్టి పట్టిన ఎలుకల్ని. ప్రేమతోనే చేస్తున్నాడు గానీ ఆ తిండి పాముకు చేటు. మరెవరూ అలా చేయకూడదనే ఈ ఉత్తరం.

మన డెల్టాలో ఎలుకలకు బ్రోమోడయోలోన్ అనే విషం కలిపిన నూకలు పెడతారు. అవి తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నాళ్లు హుషారుగానే తిరుగుతుంది. దాన్ని మింగిన పాముకూ ఆ విషం చేరుతుంది. పైగా ప్రాణంతో ఉన్న ఎలుక పామునే కొరికి గాయం చేయగలదు. తిండి కోసమే పెంచి, చంపి ఫ్రీజర్‌లో దాచిన చిట్టెలుకను పూర్తిగా కరగనిచ్చి, వేడినీళ్లలో కాస్త వెచ్చబెట్టి, పొడవాటి పట్టకారుతో అందించడమే క్షేమం.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల సాధారణంగా 50 నుంచి 80 గ్రాములు తూగుతుంది. దానికి వారానికి ఒక్క ఎలుక చాలు. ఆ ఎలుక పాము నడుము కంటే లావు ఉండకూడదు. తిన్నాక రెండు రోజులు పామును చేతుల్లోకి తీసుకోకూడదు. కళ్లు పాలరంగుకు తిరిగితే కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు తిండి ముట్టకపోయినా కంగారు అక్కర్లేదు. పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీల వెచ్చదనం, రెండో పక్క 26 డిగ్రీలు ఉండాలి. సంక్రాంతి చలికి ఆ వేడి తగ్గితే తిన్నది అరగక కక్కేస్తుంది. కక్కిన పాముకు వెంటనే మళ్లీ పెట్టకుండా పది రోజులైనా ఆగాలి. ఎదుగుదల తెలియాలంటే వారం వారం కాటా మీద తూచి నోటుపుస్తకంలో రాసుకోవాలి. బరువు నిదానంగా పెరుగుతుంటే చాలు. అతిగా మేపితే ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది.

తొందర దేనికి? ఈ పాము ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూకు 1961లో వచ్చిన బాల్ పైథాన్ 2020లోనూ గుడ్లు పెట్టింది.

అందుకే నా విన్నపం. ఈ పాముల్ని అమ్మేవాళ్లు ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తెలుగులో రాసిన కాగితం పాముతోపాటు ఇవ్వాలి. ఇలాంటి జంతువుల నమోదుకు కేంద్రం తెచ్చిన 2024 నిబంధనల ప్రకారం, పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన కాగితం లేకుండా ఎవరూ కొనకూడదు. మన అడవి కొండచిలువనైతే పట్టడమే నేరం. సంపాదకుల వారూ, సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుల చేత మీ పత్రికలో ఒక శీర్షిక రాయించండి. మా కోనసీమ పిల్లలకు అది ఎంతో ఉపకారం.

ఇట్లు,
ఒక పాఠకుడు, దిండి