పిస్టల్ మీది రెడ్ డాట్ సైట్: మూతతో చిక్కు లేదు.. బిగింపుతోనే!

ఎన్నికల షెడ్యూల్ రాగానే లైసెన్సు ఆయుధాలున్న చాలామందికి పోలీస్ స్టేషన్ నుంచి కబురొస్తుంది. 2023 అసెంబ్లీ ఎన్నికల షెడ్యూల్ అక్టోబర్ 9న వస్తే ఫలితాలు డిసెంబర్ 3న వెలువడ్డాయి. 2024 లోక్‌సభ ఎన్నికలకు మార్చి 16 నుంచి జూన్ 4 దాకా పట్టింది. అంటే అప్పగించిన పిస్టల్ ఒకసారి దాదాపు ఎనిమిది వారాలు, మరోసారి 80 రోజుల వరకు మీ చేతిలో ఉండకపోవచ్చు. దాని మీద రెడ్ డాట్ సైట్ ఉంటే అన్నాళ్లూ అద్దం సంగతేంటి? మూత తొడిగితే చాలా? ఎల్లారెడ్డిలో ఉండే మీరు తెలుసుకోవాల్సినవి ఇవీ.

అసలు రెడ్ డాట్ సైట్ అంటే?

గురి చూసేందుకు పిస్టల్ పైభాగంలో బిగించే చిన్న అద్దం. లోపలి ఎల్ఈడీ వెలుతురు అద్దానికి తగిలి కంటి వైపు తిరిగొస్తుంది. మనకు ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఎక్కువ రకాల్లో ఈ ఎల్ఈడీకి పైన కప్పు ఉండదు. దాని మీద దుమ్ము, నూలు పోగు, నీటి చుక్క పడితే చుక్క చెదిరిపోతుంది, లేదా కనిపించకుండా పోతుంది. అందుకే ఇటీవల నాలుగు వైపులా మూసి ఉన్న రకాలూ వచ్చాయి.

మూత ఎంతవరకు కాపాడుతుంది?

రబ్బరు, గుడ్డ, గట్టి ప్లాస్టిక్.. మూతలు మూడు రకాలు. వరి కోతలప్పుడు ఎగిరే పొట్టు, వేసవి దుమ్ము లోపలికి పోకుండా, అద్దం మీద గీతలు పడకుండా ఆపుతాయి. వెలుతురును బట్టి కాంతి మార్చుకునే సైట్లు మూత కింద చీకట్లో మసకబారతాయి, దాంతో బ్యాటరీ కొంత మిగులుతుంది.

కానీ తడి అద్దం మీద మూత పెడితే మేలు కంటే కీడే ఎక్కువ. చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను వానలు ఎలా ముంచెత్తాయో చూశాం. అలాంటి రోజుల్లో ముందు ఆరనివ్వండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయండి, ఆ తర్వాతే మూత. దుమ్ము పడితే తువ్వాలుతో రుద్దకండి. ముందు గాలితో ఊది, తర్వాత లెన్సు గుడ్డతో తుడవండి.

చట్టం ఏమంటుంది?

1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధాల భాగాలు కూడా ఆయుధాలే. పేలుడు శబ్దాన్ని, మంటను తగ్గించే పరికరాలనూ తుపాకుల కిందే లెక్కగట్టింది. అద్దం మీది మూత వీటిలో దేనికిందకూ రాదు.

చిక్కంతా సైట్ బిగించే దగ్గరే. మన దగ్గర లైసెన్సుపై దొరికే .32 పిస్టళ్లలో చాలావాటికి సైట్ కూర్చునే గాడి ఉండదు. పైభాగాన్ని కోసి, రంధ్రాలు వేయాల్సిందే. చట్టంలోని సెక్షన్ 5 ప్రకారం తుపాకీని మార్చడానికి, మరమ్మతు చేయడానికి లైసెన్సు ఉండాలి. మీ లైసెన్సు ఆయుధం ఉంచుకోవడానికే తప్ప ఈ పనులకు కాదు. తెలిసిన లేత్ మిషన్ షాపులో చేయిస్తే మీరూ, ఆ మెకానిక్కూ కేసులో ఇరుక్కోవచ్చు. 2019 సవరణ తర్వాత సెక్షన్ 5 ఉల్లంఘనకు శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. లైసెన్సున్న ఆయుధ డీలర్‌నే అడగండి. అదీ లైసెన్సింగ్ అధికారి కార్యాలయంలో ముందే రాతపూర్వకంగా తెలుసుకున్నాకే.

స్టేషన్‌లో అప్పగించేటప్పుడు?

అందరి ఆయుధాలూ గంపగుత్తగా తీసుకోవాలని ఎన్నికల సంఘం చెప్పలేదు. కలెక్టర్, ఎస్పీలతో కూడిన స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్సునూ పరిశీలించాలి. బెయిల్‌పై ఉన్నవారు, నేరచరిత్ర ఉన్నవారు, ఎన్నికలప్పుడు అల్లర్లలో పాల్గొన్నవారి మీద ప్రధానంగా దృష్టి పెట్టాలి. ఆయుధం అవసరమైన బ్యాంకు గార్డులకు, పోటీలకు వెళ్లే రైఫిల్ అసోసియేషన్ షూటర్లకు మినహాయింపు ఉంది. మీకు అలాంటి కారణం ఉంటే దరఖాస్తు పెట్టుకోండి. అప్పగించమని ఆదేశం వస్తే మాత్రం పాటించాల్సిందే. వెళ్లేముందు ఇవి చూసుకోండి:

• పిస్టల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. తూటాలు విడిగా లెక్కపెట్టి ఇవ్వండి.

• బ్యాటరీ పైనుంచో పక్కనుంచో వచ్చే రకమైతే తీసేయండి. అడుగున ఉంటే సైట్ విప్పాలి, తర్వాత గురి మళ్లీ సరిచూసుకోవాలి. కాబట్టి ఆఫ్ చేసి ఇవ్వడం మేలు.

• అద్దం ఆరాకే మూత తొడగండి.

• రసీదులో పిస్టల్ నంబరుతో పాటు సైట్ కంపెనీ, సీరియల్ నంబరు, మూత కూడా రాయించుకోండి. లైసెన్సు పుస్తకంలో ఉండేది పిస్టల్ వివరాలే. తిరిగి తీసుకునేటప్పుడు సైట్ పగిలినా, పోయినా మీ చేతిలో ఆధారం రసీదొక్కటే.

ఫలితాలు వచ్చిన వారం తర్వాత ఆయుధాలు తిరిగివ్వాలన్నది ఎన్నికల సంఘం ఆదేశం. ఆ రోజు అక్కడే, సిబ్బంది ముందే మూత తీసి అద్దం చూసుకోండి, తర్వాతే సంతకం పెట్టండి. ఇంటికొచ్చాక గీత కనిపిస్తే అది ఎక్కడ పడిందో చెప్పడం కష్టం.