మన పున్నమికి తోడేలు పొసగునా?

ఈ నడుమ తెలుగు యువతీయువకులు సెల్‌ఫోనులలో ధారావాహికలుగా రాసుకొంటూ, ఒకరిచేత ఒకరు చదివించుకొంటున్న నవలలలో ఒక కొత్త నాయకుడు ప్రవేశించాడు. పగలు ఏదో కార్యాలయంలో ఉద్యోగి. పున్నమి రాత్రి తోడేలు. నగరంలో వరుసగా హత్యలు జరుగుతుంటాయి. వాటి గుట్టు విప్పబూనిన యువతికి అతనిపై అనుమానమూ, అనురాగమూ ఒకేసారి పుడతాయి. ఇంగ్లీషులో ఈ తెగ నవలలకు కొదువ లేదు. స్టెఫనీ మేయర్ ‘ట్వైలైట్’ 2005లో వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన రెండవ భాగంలో తోడేలుగా మారే కుర్రవాడు కథ మధ్యకు వచ్చి కూర్చున్నాడు. హిందీలో తీసిన ‘భేడియా’ చిత్రం 2022లో ‘తోడేలు’ పేరుతో మన థియేటర్లకూ వచ్చింది.

మా వంటి తెలుగు పండితులు ఈ మాట వినగానే ముక్కు చిట్లిస్తారు. నాకా చిట్లింపులో పాలు లేదు. పెద్దబాలశిక్షతో మొదలుపెట్టి భాషాప్రవీణ వరకు చదివినవాడు అద్భుత రసాన్ని ఈసడించుకొంటే, తాను చదివినదంతా ఈసడించుకొన్నట్లే. నా పేచీ వేరు. ఈ తోడేలు తెలుగు నేలమీద అడుగు పెట్టిన తరువాత కూడా పరదేశి వాసన వదలడం లేదు. దేవదారు అడవి, మంచు, పొగమంచులో కోట; పాత్రల పేర్లు మాత్రం మనవి. ఇది ఎందువల్ల జరుగుతున్నదో, జరగకుండా ఉండే దారి ఏదో నాకు తోచిన మేరకు చెబుతాను.

ముందు మాట సంగతి. ‘వేర్‌వుల్ఫ్’ అన్న పదంలో ‘వేర్’ అంటే ప్రాచీన ఇంగ్లీషులో పురుషుడు. లాటిను ‘విర్’, సంస్కృత ‘వీర’ శబ్దం దాని తోబుట్టువులు. ‘వుల్ఫ్’కు మన ‘వృక’ శబ్దం తోబుట్టువు. అంటే ఈ పదాన్ని అక్షరాలా మన ఇంటికి తెచ్చుకొంటే ‘వీరవృకము’ అవుతుంది! పొట్టలో వృకమనే అగ్ని గలవాడని భీముణ్ణి వృకోదరుడన్న జాతికి ఆ మాటలో వెరపేముంది? ‘మనిషి తోడేలు’, ‘తోడేలు మనిషి’ అని తడుముకోనక్కరలేదు.

అమరకోశం తెరిస్తే ఇంకొక విందు. అక్కడ తోడేలుకు కోకము, ఈహామృగము, వృకము అని మూడు పేర్లు. ఇందులో ‘కోకము’ చక్రవాకానికి కూడా పేరే. రాత్రి పడగానే జంటను ఎడబాసి, తెల్లవారేదాకా ఏటికి ఆవలి ఒడ్డున విలపించే పక్షి అది. ఇక ‘ఈహామృగము’ దశరూపకాలలో ఒకటి. లేడివలె చేతికందని నాయికను నాయకుడు కోరి వెంబడించే ఇతివృత్తం గలది. చూశారా! క్రూరమృగమూ, రాత్రి వియోగమూ, అందని వలపూ రెండు మాటలలో ఇమిడిపోయాయి. తోడేలు ప్రణయకథ రాయబూనిన తెలుగు పిల్లలకు ఇంతకంటె పెద్ద పెట్టుబడి ఎవరిస్తారు? నిఘంటువు పక్కన లేకపోవడం చేత ఈ ఆస్తి అంతా మురిగిపోతున్నది.

ఇక మృగం సంగతి. మనకు తోడేలంటే తెలియక కాదు. పల్నాటి మెట్టలలో మందలు తోలుకొనే గొల్లలకు అది బాగా తెలిసిన శత్రువు. కాని వారు భయపడేది గొర్రెపిల్లల కోసమే తప్ప తమ ఆత్మల కోసం కాదు. ఈసపు కథలో గొర్రెల కాపరి కుర్రవాడు ‘తోడేలు, తోడేలు’ అని అరిచాడు. మన బడిపిల్లవాడు ఆ కథను ‘నాన్నా పులి’ అని తప్ప చెప్పడు. గొర్రెతోలు కప్పుకొన్న వాళ్ళ తోడేలు మన నోట మేకవన్నె పులి. దాని అన్నగారు గోముఖ వ్యాఘ్రం. అనంతామాత్యుని భోజరాజీయంలో ఆవుకు ఎదురుపడి, ఆవు సత్యానికి కరిగిపోయినదీ పులే. ఈ మార్పిడికి లొంగనివారు ఒక్క బైబిలు అనువాదకులే. మత్తయి సువార్తలో గొర్రెతోళ్ళ లోపల తోడేళ్ళనే ఉంచారు. అందువల్ల మా గుంటూరు, పల్నాడు ప్రాంతాలలో ఆదివారం ప్రసంగం విన్నవాడికి తోడేలూ, పురాణం విన్నవాడికి పులీ కపటానికి గుర్తుగా నిలిచాయి. హిందీ సినిమావారికి సైతం ఈ సంగతి తెలిసినట్లుంది. 1992లో మహేశ్ భట్ తీసిన ‘జునూన్’లో పున్నమినాడు నాయకుడు మారేది పులిగానే. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో కోందుల విషయం చెబుతూ మనిషి పులిగా మారగలడన్న వారి నమ్మకాన్ని నమోదు చేశాడు. మన నేలపై మనిషి మారదలచుకొంటే తొలి చూపు పులి మీదకే పోతుంది.

అయితే పులినే రాయమని శాసించడం నా ఉద్దేశం కాదు. పులిలో రాజసం ఉంది; తోడేలులో ఆకలి ఉంది. నగర కథకు ఆకలే ఎక్కువ నప్పుతుంది. తోడేలును ఎంచుకొన్నవాడు ఎందుకు ఎంచుకొన్నాడో తనకు తెలిసి ఎంచుకోవాలన్నదే నా కోరిక. (మరొక చేదు నిజం: నవలలలో తోడేళ్ళు పెరుగుతున్నవి గాని పొలాలలో అవి కానరావడం లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడవలసి వచ్చింది.)

రూపం మారే మనిషి మనకు కొత్త కాడు. ఆదిపర్వంలో కల్మాషపాదుని కథ చూడండి. ఇరుకు దారిలో ఎదురైన శక్తి మహామునిని కొరడాతో కొట్టి, శాపగ్రస్తుడై, నరమాంసభక్షకుడైన రాజు. తనను శపించిన శక్తినే ముందుగా తిన్నాడు. భర్తతో కూడి ఉన్న విప్రపత్ని కన్నుల ముందే ఆ భర్తనూ తిన్నాడు. నీ భార్యను తాకిననాడే నీకు చావని ఆమె శపించింది. శాపం తీరి మనిషి అయినాడు, ఇంటికి వచ్చాడు, భార్య ఎదురుగా ఉన్నది, తాకరాదు! పాశ్చాత్యులు వందల నవలలలో చెప్పబోయే సంకటమంతా ఇక్కడ ఉన్నది. మృగంగా ఉన్నప్పుడు చేసినదానికి మనిషి అయినాక బాధ్యుడెవరు? నన్నయగారి తెలుగులో ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పేటప్పుడు వెనుక బెంచీవాళ్ళు సైతం నిద్రపోయేవారు కారు.

మనుచరిత్రలో గంధర్వుడు ప్రవరుని రూపం దాల్చి వరూధినిని పొందాడు. ఆమె ప్రేమించినదెవరిని? రూపాన్నా, రూపం వెనుకనున్న వ్యక్తినా? పెద్దన ఆ ప్రశ్నను లేవనెత్తి ముందుకు సాగిపోయాడు. దానిని పట్టుకొని కావ్యమంతా నడిపినవాడు పింగళి సూరన. కళాపూర్ణోదయంలో కోరిన రూపం దాల్చగల కలభాషిణి నలకూబరునిపై వలపుతో రంభ అయింది. మణికంధరుడు రంభ కోసం నలకూబరుడైనాడు. ఒకరి మారురూపు మరొకరికి తెలియదు. ఇద్దరు రంభలు ఎదురుబొదురుగా నిలిచి అసలు రంభను నేనంటే నేనని కలహించుకొనే చోట పాఠకునికి నవ్వూ దిగులూ కలిసి వస్తాయి. వేసిన ముడి ఎందుకు వేశాడో సూరన ఎంతోసేపటికి గాని విప్పడు. అపరాధ పరిశోధకుల నవలలు వందల కొద్దీ చదివినవారు కూడా ఆ పట్టు చూసి అబ్బురపడవలసిందే. కట్టమంచివారు 1914 నాటి కవిత్వతత్త్వ విచారంలో సూరనకు పట్టం కట్టారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ కావ్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి దీనిని నవలగానే చదవమన్నారు. రహస్యం, ప్రణయం, రూపాంతరం మూడూ కలిసిన కథ పదహారవ శతాబ్దిలోనే మన చేతిలో ఉండగా, పిల్లలు పరాయి అడవులకు ఎందుకు పోతున్నారు? చెప్పవలసినవాళ్ళం ప్రతిపదార్థాలకు మార్కులు వేయడంలో మునిగిపోయాము గనుక.

వెన్నెల మాట చెప్పక తప్పదు. వాళ్ళ పున్నమి భయం పుట్టిస్తుంది. మనకు భయాల రాత్రి అమావాస్య. పున్నమి పిండి ఆరబోసినట్లుండే వెన్నెలకూ, వలపుకూ చెందింది. అట్లాగని మన చంద్రుడు నిరపరాధి కాడు సుమా! ప్రబంధ నాయికలందరూ చంద్రుణ్ణి తిట్టినవారే. చంద్రోపాలంభనం లేని విరహం ప్రబంధాలలో అరుదు. చల్లని వెలుగు ఒంటిని కాలుస్తున్నదనీ, తనను తాను కాకుండా చేస్తున్నదనీ ఆ నాయిక పెట్టే మొరకూ, పున్నమి రాత్రి గోళ్ళు పొడుచుకొని వస్తున్న యువకుని మొరకూ ఎంత దూరం? తెలుగులో తోడేలు నవల పుట్టవలసిన చోటు నా మట్టుకు అదే. విరహం ముదిరి మృగమైనట్లు రాయగలిగితే అది అరువు సొమ్ము అనిపించుకోదు.

ఇంతవరకు వేడుకగా ఉన్నది. ఇక నన్ను నిజంగా కలవరపెట్టే విషయం.

నగరంలో నడిచే భీతావహ నవల తెలుగుకు కొత్త కాదు. 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వస్తున్నప్పుడు పత్రిక కోసం జనం ఎదురుచూసిన సంగతి మా తరంవారికి జ్ఞాపకమే. డాక్టర్లు ఒక వంక, మాంత్రికులు మరొక వంక, నడుమ ఒక పసిబిడ్డ. ఆ కథనశక్తిని కాదనలేము. అయితే చేతబడి అన్నది మన ఊళ్ళలో కథ కాదు, అభియోగం. ఆ నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలూ, పళ్ళు ఊడగొట్టిన వార్తలూ పత్రికలలో దశాబ్దాలుగా చదువుతూనే ఉన్నాము. ఆ దెబ్బలు తిన్నవారిలో దిక్కులేని ముసలివారెందరో. రంగనాయకమ్మగారు ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని విరుచుకుపడింది ఊరకే కాదు. ఆమె కోపంలో నాకు సగం పాలుంది. మిగతా సగం దగ్గర ఆగిపోతాను. భయాన్ని రాయకుండా చేయడం మందు కాదు గనుక.

తోడేలు మనిషి విషయంలో ‘ఇది ఎవరూ నమ్మని భయం, దీనివల్ల ఎవరికీ దెబ్బ తగలదు’ అని మొదట అనిపిస్తుంది. కాని 1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలలో తోడేళ్ళు పసివాళ్ళను ఎత్తుకుపోయి చంపినప్పుడు, అవి తోడేళ్ళు కావు, తోడేలు రూపమెత్తిన మనుషులన్న పుకారు పుట్టింది. ఆ అనుమానంతో ఊరికి కొత్తవారిని కొట్టి చంపారు. 2024లో బహ్రాయిచ్ జిల్లాలో మళ్ళీ తోడేళ్ళు పిల్లలపై పడ్డాయి. ఆపరేషన్ భేడియా పేరిట అటవీశాఖవారు వాటిని పట్టవలసి వచ్చింది. మన వైపు చూస్తే, 1990లలో ఊరూరా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకొన్న కాలం ఉన్నది. మా బడిలో సైన్సు చదివే పిల్లలు సైతం రాత్రికి ఇంటికి పోయి సుద్దముక్కతో రాసుకొన్నారు. నవ్వి ఊరుకొన్నాము. ఆ రాత్రులలో దారితప్పి ఒంటరిగా ఊరిలోకి వచ్చిన ఆడదాని గతి ఏమిటని మాలో ఎవరమూ అడగలేదు.

కాబట్టి భయం మనదైతే కథకు ప్రాణం వస్తుంది. మనదే అయినందువల్ల ఎవరి మీదనో రాయి కూడా పడవచ్చు. పరాయిదైతే రాయి పడదు, ప్రాణమూ రాదు. ఈ చిక్కు నుంచి తప్పించుకొన్నవాడు నాకు తెలిసి సూరనే. ఆయన కావ్యంలో రూపం మార్చినవారు వేటాడవలసిన దుష్టులు కారు. వారి లోపలికి మనలను తీసుకుపోయి, అక్కడి కోరికనూ అవమానాన్నీ చూపిస్తాడు. మారిన మనిషిని బయటి నుంచి చూపే కథ ఊరిని ఉసిగొల్పుతుంది. లోపలి నుంచి చూపే కథ చదివినవాడు కర్ర ఎత్తే ముందు ఒక క్షణం ఆగుతాడు. తోడేలు నవల రాసే తెలుగు పిల్లలు నేర్వవలసిన మెలకువ ఇదే. వాళ్ళలో కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, తెలియకుండానే ఆ పని చేస్తున్నారు. ప్రేమించినదాని కళ్ళతో తోడేలును చూస్తున్నారు. భాష పొల్లుగా ఉన్నా, ఒత్తులు ఎగిరిపోయినా ఆ చూపు కోసం వాళ్ళను మెచ్చుకొంటాను.

ఇక చోటు. దేవదారులు ఎందుకు? మా నాదెండ్లకు చేరువలోనే కోటప్పకొండ. స్వామిని తనతో రమ్మని వేడుకొని, వెనుదిరిగి చూడవద్దన్న మాట తప్పినందుకు, ఆయన ఆగినచోటనే ప్రాణం విడిచిన గొల్లభామ కథ ఆ కొండదే. శివరాత్రికి విద్యుద్దీపాల ప్రభలు ఆకాశమంత ఎత్తున నిలిచి, రాత్రిని పగలు చేస్తాయి. అవి ఆరిన తరువాత మిగిలే చీకటిని నిలబడి చూసినవాడు మంచుకోటల జోలికి పోడు. నరసరావుపేట బస్టాండులో చివరి బస్సు తప్పినవాడు, చిలకలూరిపేట దారిలో మిరపబస్తాల లారీ మీద నిద్రపోతున్నవాడు, మన వీరవృకము వీరిలో ఎవడైనా కావచ్చు. మా ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన నాదెండ్ల అప్పామాత్యునికి మాదయగారి మల్లన రాజశేఖరచరిత్రను అంకితమిచ్చాడు. రాజు, ప్రణయం, సాహసం కలిసిన ప్రబంధమది. ఆ మంత్రిగారు నేడుండి, పున్నమినాడు కొండ దిగి వచ్చే తోడేలు కథ ఎవరైనా వినిపిస్తే అంకితం పుచ్చుకొనేవాడనే అనుకొంటాను. తప్పులు దిద్ది పెట్టే పనికి మాత్రం ఒక విశ్రాంత పండితుడు సిద్ధంగా ఉన్నాడు, రాసినవారు పంపవచ్చును.