పాత కంప్యూటరు - క్రొత్త ఆటలు

ఈ కాలమున మన పాఠశాల బాలబాలికల నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "మా యింటి కంప్యూటరులో ఆట సరిగా నడువదు, దానికొక గ్రాఫిక్సు కార్డు వేయింపవలెను" అని వారందురు. తలిదండ్రు లది విని, "చదువుకొఱకు కొన్న వస్తువునకు ఆటల సోకేల?" అని కసరుకొందురు. ఈ రెండు పక్షములందును కొంత న్యాయము కలదు. కొంత పొరపాటును కలదు. కావున నీ విషయమై మాకు తోచిన నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఝరాసంగము, జహీరాబాదు ప్రాంతపు ఇండ్లలో కనబడు కంప్యూటర్లు పెక్కులు క్రొత్తవి కావు. నగరములందలి కార్యాలయములు కొన్నియేండ్లు వాడి తీసివేసిన చిన్న పెట్టెలు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్ళకు చేరి, అచ్చటినుండి 65వ జాతీయ రహదారి వెంట మన వైపునకు వచ్చుచుండును. డెల్ వారి ఆప్టిప్లెక్సు, హెచ్.పి. వారి ఎలైట్‌డెస్కు, లెనోవో వారి థింక్‌సెంటరు అనునవి వీనిలో ప్రసిద్ధములు. ఇవి గట్టి వస్తువులు; తక్కువ ధరకు వచ్చును; తక్కువ చోటు పట్టును. అయితే ఇవి లెక్కలు వ్రాయుటకును, ఉత్తరములు పంపుటకును చేయబడినవి గాని ఆటలకై చేయబడినవి కావు. ఈ సంగతి మఱచుటవలననే చిక్కులన్నియు పుట్టుచున్నవి.

మేమును ఒకప్పు డీ సంగతి మఱచితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి ఇట్టి పెట్టెను గూర్చి మమ్ము సలహా అడుగగా, మేము కొలతలు చూడకయే "కార్డు తెచ్చుకొనుము, అన్నియు సరియగును" అంటిమి. తండ్రి పాలసొమ్ము కూడబెట్టి యిచ్చెను. తీరా తెచ్చి చూడగా ఆ కార్డు పెట్టెకంటె ఎత్తు, మూత పడలేదు. అదియును గాక దానికి వేఱుగా నొక కరెంటు తీగ కావలసి వచ్చెను. ఆ పెట్టెలో అట్టి తీగయే లేదు. అమ్మినవారు తిరిగి పుచ్చుకొనలేదు. తప్పు మాదే గనుక నష్టములో సగము మేము భరించితిమి. ఆ తండ్రి మమ్ము ఒక్కమాటయు ననలేదు. ఆ మౌనమే మాకు పెద్ద పాఠమయ్యెను.

కావున మొదట చూడవలసినది కార్డు కాదు, ఎస్.ఎం.పి.ఎస్. అని మనవారు చెప్పు విద్యుత్తు డబ్బా. మన రైతులకు ఈ సంగతి సులభముగా బోధపడును. మూడు బోరు మోటార్లకు సరిపడు ట్రాన్స్‌ఫార్మరుపై అయిదు మోటార్లు తగిలించినచో ఏమగునో వారెఱుగుదురు. ఇట్టి చిన్న పెట్టెలలో పెక్కింటియందు 180 వాట్ల డబ్బాయే యుండును. ప్రాసెసరునకు 65 వాట్లు, బోర్డు, డిస్కు, గాలిపంకా మొదలగువానికి సుమారు 30 వాట్లు పోగా మిగులునది 85. మదర్‌బోర్డు మీది గాడి తనంత తాను కార్డునకు ఈయగలది 75 వాట్లు మాత్రమే. ఇంతలో ఇమిడినదే మనకు తగిన కార్డు. పోనీ పెద్ద డబ్బా వేయుదమన్నచో, ఈ కంపెనీల పెట్టెలలో డబ్బా ఆకారమును, తీగల కొనలును వేఱుగా నుండును. అంగడిలో దొరకు సాధారణపు డబ్బా వీనికి పట్టదు. అరచేతి పుస్తకమంత యుండు మఱింత చిన్న జాతి పెట్టెలలో ఇట్టి కార్డు పెట్టుటకు గాడియే యుండదు. అట్టివానిని కార్డుకొఱకై విప్పుట వృథా.

ఇక ఖర్చు లేని పనులు మొదట చేయవలెను. పెట్టె తీగ ఊడబీకి, మూత తీసి, పంకాకును వేడి లాగు రేకులకును పట్టిన దుమ్ము దులుపవలెను. మన ఎఱ్ఱనేల దుమ్ము సామాన్యమైనది కాదు. వేడి యెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాచుకొనుటకై వేగము తగ్గించుకొనును. ఆట తడబడుటకు అదియు నొక కారణము. తరువాత ఆటలోని చిత్రపు కొలత తగ్గించి చూడవలెను. 1920×1080 చిత్రమున 20,73,600 చుక్కలుండును. 1280×720 చిత్రమున 9,21,600 మాత్రమే. అనగా యంత్రము ప్రతి చిత్రమునకును లెక్కకట్టవలసిన చుక్కలు తొమ్మిది పాళ్ళలో నాలుగు పాళ్ళకు దిగును. ఒక్క పైసా ఖర్చు లేదు. గణితము చదువు బాలురు దీనిని స్వయముగా గుణించి చూతురుగాక.

రెండవది ర్యాము. కార్డు లేని పెట్టెలో చిత్రము గీయు భాగము ప్రాసెసరులోనే యుండి, వేఱు జ్ఞాపకశక్తి లేక, ఈ ర్యామునే పంచుకొనును. అందుచేత 8 జి.బి. పలక యొకటి యుండుటకంటె 4 జి.బి. పలకలు రెండు జతగా నుండుట మేలు. ఒంటి యెద్దుకంటె జోడెడ్లు అరక బాగుగా లాగునట్లు, రెండు పలకలు రెండు దారుల సమాచారము నందించును. రెండును 8 జి.బి. వైనచో మఱియు మంచిది. అయితే 2025వ సంవత్సరపు చివరనుండి, కృత్రిమ మేధ కేంద్రముల గిరాకీవలన, ర్యాము ధర లోకమంతట పెరిగెను. కావున కొనుటకు ముందు పెట్టెలో పట్టునది డి.డి.ఆర్. 3 యో 4 యో చూచుకొనవలెను. ఒకదాని గాడిలో మఱియొకటి పట్టదు. పాత డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేసినచో ఆట తెఱచుకొనుట వేగమగును, చదువు పనులును చుఱుకగును. గాని ఆట నడకలో నునుపు దానివలన అంతగా రాదు. ఈ భేదము తెలియక నిరాశపడువారు పెక్కురు.

మూడవదియే కార్డు. తక్కువ యెత్తు గలదై, వేఱు తీగ అక్కఱలేనిదై యుండవలెను. ఎన్‌విడియా వారి జి.టి.ఎక్స్. 1650 అను 75 వాట్ల కార్డు 2019లోను, ఆర్.టి.ఎక్స్. 3050 లో 6 జి.బి. గల 70 వాట్ల కార్డు 2024లోను వచ్చెను. వీనిలో పొట్టివియు దొరకును. అదే పేరున పొడుగువియు దొరకును. పేరు చూచి కొనరాదు. స్కేలు చేతబట్టి కొనవలెను. ఎ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 6400 అనునది 53 వాట్లే తినును గాని, సమాచారమునకు నాలుగు దారులే కలది. పాత బోర్డుమీద ఆ దారుల వేగము సగమగుటచే దాని బలము తగ్గును.

ఎచ్చట ఆగవలెనో తెలియుటయు నొక విద్య. విండోస్ 10 నకు సాధారణపు ఆదరువు 2025 అక్టోబరు 14 తో ముగిసెను. విండోస్ 11 ఇంటెల్ 8వ తరమునకు ముందరి ప్రాసెసర్లను పెక్కింటిని అంగీకరింపదు. అట్టి పాత పెట్టెపై విశేషధనము పోయుట ఎండిన చెఱువునకు తూము కట్టించుట వంటిది. మా యభిప్రాయమున, పెట్టె కొన్న ధరకు మించి దాని బాగుకై ఖర్చు చేయరాదు. అంతకు మించునెడల ఆ సొమ్ము దాచి, ముందు ముందు పెద్ద క్యాబినెట్టు గల కంప్యూటరు కొనుట మేలు.

తలిదండ్రులకును ఒక మాట. ఆట యనగానే చెడుపని యని తలపకుడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్సునకును పతకము లిచ్చిరి. పందెము కాచు ఆన్‌లైను ఆటలు వేఱు. వానిని నిషేధించుచు 2025 ఆగష్టులో పార్లమెంటు చట్టము చేసినది. పిల్లవాడు డబ్బు పెట్టు ఆట యాడుచున్నాడా, ఊరక యాడుచున్నాడా యని విచారింపుడు. ఎంతసేపని నియమము పెట్టుడు. గాని పెట్టె విప్పవద్దని మాత్రము కొట్టకుడు. వాట్లు కూడి, చుక్కలు గుణించి, కొలతలు తీసి, తండ్రికి లెక్క చెప్పి ఒప్పించిన బాలుడు ఆటకంటె పెద్దదియే నేర్చినాడు. బాలికలకును ఈ యవకాశ మీయవలెను. స్క్రూడ్రైవరు అన్నదమ్ముల సొత్తు కాదు.

విద్యార్థులారా! ఆ కార్డుల పేర్లు మీకు కంఠస్థములు. వానిని తయారుచేయించు ఎన్‌విడియా, ఎ.ఎం.డి. సంస్థలకు హైదరాబాదునందే ఇంజనీర్లు పనిచేయు కార్యాలయములు కలవు. అవి జహీరాబాదు బస్సు పోవునంత దూరములోనే యున్నవి. కార్డు అడుగుటకు ముందు ఒక కాగితము తీసికొని, మీ పెట్టె పేరు, డబ్బా వాట్లు, గాడి యెత్తు, ర్యాము జాతి, అగు ఖర్చు వ్రాసి తండ్రి చేతికిండు. మేము చేసిన తప్పు మీ యింట జరుగకుండుటకు అది చాలును. మా మొదటి కథలోని ఆ బాలుని పెట్టెకు పిమ్మట దుమ్ము దులిపి, రెండవ పలక చేర్చి, చిత్రపు కొలత తగ్గించితిమి. అతని ఆట నడచినది. కార్డు మాత్రము నేటికిని మా బీరువాలోనే యున్నది. కొలువక కొనబోవు వారికి చూపుటకై దానిని దాచియుంచితిమి.